నా లాప్‌టాప్‌లో నడుస్తోంది, వాళ్ళ దగ్గర నడవట్లేదు: ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన సంచికలో, ఓపెన్ సోర్స్ మాడ్యూల్స్ రాసేవాళ్ళు మీకొస్తున్న ఇబ్బందులు రాయండి అని అడిగాను కదా, ఉత్తరాలు బాగానే వచ్చాయి, చదివితే సగానికి పైగా ఒకటే బాధ, నా దగ్గర నడుస్తోంది అవతలివాళ్ళ దగ్గర నడవట్లేదు అని. అందుకే ఈసారి మొత్తం దాని మీదే రాస్తున్నా. మన కోడ్‌ని విండోస్, లైనక్స్, మ్యాక్ మూడిట్లోనూ దానంతటదే టెస్ట్ అయ్యేలా పెట్టుకోవడం, సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) అంటారే, అదన్నమాట.

ప్రశ్న: అక్కా, మాది గాజువాక. ఊళ్ళ పేర్లని అకారాది క్రమంలో పెట్టే చిన్న పైథాన్ మాడ్యూల్ రాసి, పైథాన్ ప్యాకేజీలు అందరికీ దొరికే పైపీఐలో పెట్టాను. నా ఉబుంటులో బాగా నడుస్తోంది. అనకాపల్లిలో డీటీపీ చేసే మా బావ విండోస్‌లో వేస్తే, చార్‌మ్యాప్ కోడెక్ 8డీ అనే బైట్‌ని చదవలేకపోతోంది అని ఎర్రర్ వస్తోంది. ఇంకో విచిత్రం, ఫైల్లో విశాఖ, భీమిలి అని మాత్రమే ఉంటే ఎర్రర్ రాదు గానీ పిచ్చి అక్షరాలు వస్తాయి, విశాఖపట్నం అని ఉంటే మాత్రం ఆగిపోతుంది. ఎందుకిలా?

జవాబు: తమ్ముడూ, ముందు మీ బావకి థాంక్స్ చెప్పు, చాలామంది ఇలా వస్తే మాడ్యూల్ తీసేసి ఊరుకుంటారు, ఆయన ఏ ఊరి పేరుకి ఆగిందో కూడా చూసి చెప్పాడు.

ఇప్పుడు సంగతి చూద్దాం. ఏ అక్షరాన్ని ఏ బైట్లుగా దాచాలో చెప్పే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు, యూటీఎఫ్-8 అలాంటిదే, అందులో మన తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి, గుణింతం గుర్తులకీ పొల్లుకీ కూడా విడివిడిగా మూడేసి. నువ్వు ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ ఏంటో చెప్పలేదు, చెప్పకపోతే లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పైథాన్ యూటీఎఫ్-8 అనుకుంటుంది, విండోస్‌లో మాత్రం ఆ మెషీన్ పాత కోడ్‌పేజీని, అంటే ఏ బైట్‌కి ఏ అక్షరమో చెప్పే పట్టికని, తీసుకుంటుంది, మన దగ్గర అది ఎక్కువగా 1252. ఆ 1252 పట్టికలో 256 గళ్ళు ఉంటాయి, ఒక్కో బైట్‌కి ఒక్కో గడి, అందులో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే (ఇవి హెక్స్, అంటే పదహారు అంకెల లెక్కలో రాసినవి) ఐదు గళ్ళు ఖాళీ. విశాఖ అనే మాటలో ఏ అక్షరం బైట్లు తీసుకున్నా ఆ ఐదిట్లో పడవు, అందుకని పైథాన్ ఏ అభ్యంతరం లేకుండా చదివేసి, ప్రతి అక్షరానికీ పైన వాలు గీత ఉన్న ఇంగ్లీషు ఏ ఒకటీ, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో ఒకటీ, మూడో బైట్‌కి ఇంకోటీ చూపిస్తుంది. భీమిలి కూడా అంతే. అదే విశాఖపట్నంలో ట కింద న వత్తు ఉంది, వత్తు రావాలంటే మధ్యలో పొల్లు ఉండాలి, పొల్లు మూడో బైట్ సరిగ్గా 8డీ, ఖాళీ గడి, అక్కడ ఆగిపోతుంది. మీ గాజువాక అని రాసి చూడు, అదీ ఆగుతుంది, కానీ ఈసారి 81 అంటుంది, ఎందుకంటే జు కొమ్ము మూడో బైట్ 81. ఏ అనే అచ్చుకి 8ఎఫ్, ఐకి 90, ఝకి 9డీ.

వత్తూ కొమ్మూ లేకుండా తెలుగులో ఎన్ని వాక్యాలు రాయగలం చెప్పు? అందుకే ఆగిపోవడమే మనకి మేలు, ఆగకుండా పిచ్చి అక్షరాలతో ఫైలు సేవ్ అయిపోతేనే అసలు నష్టం, విశాఖ, భీమిలి అని టెస్ట్ రాసుకుని ఎర్రర్ రాలేదు కదా అనుకుంటే అదే జరుగుతుంది. టెస్ట్‌లో ఎర్రర్ రాలేదా అని కాదు, చదివిన మాట రాసిన మాటతో సమానంగా ఉందా అని చూడాలి. నీ టెస్ట్ ఫైల్లో విశాఖపట్నం, గాజువాక, ఏలూరు, ఐనవిల్లి, ఝరి, ఈ ఐదూ పెట్టుకో, ఐదు గళ్ళూ కవర్ అవుతాయి.

రిపేరు చిన్నదే, ఓపెన్ అని రాసిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వడం. నోట్‌ప్యాడ్ పాత వెర్షన్లూ, ఎక్సెల్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని సేవ్ చేసినవీ మొదట్లో బామ్ అని మూడు బైట్లు తగిలిస్తాయి కాబట్టి చదివేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేదు. ఎక్కడెక్కడ మర్చిపోయావో వెతకడానికి పైథాన్ 3.10 నుంచి ఒక సౌకర్యం ఉంది, వార్న్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ అనే ఆప్షన్‌తో నడిపితే ఎన్‌కోడింగ్ చెప్పని ప్రతి లైనుకీ హెచ్చరిక వస్తుంది, ఉబుంటులో కూడా వస్తుంది, అదే దాని గొప్ప. 3.15 నుంచి విండోస్‌లోనూ యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చెయ్యాలని పెప్ 686 అనే పైథాన్ ప్రతిపాదనలో నిర్ణయించారు గానీ డీటీపీ షాపుల్లో కొత్త వెర్షన్ వెంటనే ఎవరు వేస్తారు, మనం ఇప్పుడే సరిచేసుకోవాలి.

ఇంకొకటి, ప్రింట్ చేసేదగ్గర కూడా ఇదే తంటా. విండోస్ టెర్మినల్‌లో నేరుగా చూస్తే తెలుగు బాగానే వస్తుంది, దాన్ని ఫైల్లోకి మళ్ళిస్తేనో సీఐ లాగ్‌లోకి వెళ్తేనో మళ్ళీ 1252 వచ్చి కూర్చుంటుంది. అందుకే ఇంట్లో టెస్ట్ పాసయి సీఐలో ఫెయిలవుతుంది. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేస్తే సీఐలో ఆ ఎర్రర్ నోరు మూసుకుంటుంది నిజమే, కానీ అలా చెయ్యొద్దు. మీ బావ మెషీన్లో అది ఉండదు కదా, అప్పుడు సీఐ పచ్చగా ఉంటుంది, ఆయనకి మాత్రం అదే ఎర్రర్.

నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, మనం కోడ్ రాసేది ఉబుంటులోనో మ్యాక్‌లోనో, మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాడే టీచర్లు, డీటీపీవాళ్ళు, సచివాలయం స్టాఫ్, వాళ్ళంతా ఎక్కువగా ఉండేది విండోస్‌లో. సీఐలో విండోస్‌ని చివర్లో వీలైతే పెడదాంలే అనుకోవద్దు, మొదట అదే పెట్టండి.

ప్రశ్న: మేడమ్, మధురవాడ నుంచి రాస్తున్నాం, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, నలుగురం కలిసి ఒక మాడ్యూల్ చేస్తున్నాం. సీఐ పెట్టండి పెట్టండి అంటారు గానీ అసలు ఏటి చెయ్యాలి, ఎంత ఖర్చవుద్ది, మా నలుగురికీ ఉన్నవి రెండు విండోస్ లాప్‌టాప్‌లే, మ్యాక్ ఎవరిదగ్గరా లేదు.

జవాబు: మ్యాక్ కొనక్కర్లేదు, ఖర్చూ లేదు, మీ రెపో (గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉండే చోటు) పబ్లిక్ అయితే గిట్‌హబ్ యాక్షన్స్ అనే సీఐ సర్వీసులో మామూలు మెషీన్లు మూడు రకాలూ ఉచితమే. ప్రైవేట్ అయితే ఫ్రీ ప్లాన్లో నెలకి 2000 నిమిషాలు.

సీఐ అంటే ఏంటంటే, మీ వంటింట్లో మీరు కళ్ళు మూసుకుని వండుతారు, ఉప్పు డబ్బా ఎక్కడుందో చేతికి తెలుసు. అదే వంట కొత్తగా దిగిన అద్దె ఇంట్లో చెయ్యమంటే అప్పుడు తెలుస్తుంది ఏమేం తెచ్చుకోలేదో. మీరు పుష్ చేసిన, అంటే మార్పులు రెపోకి పంపిన, ప్రతిసారీ సీఐ ఒక ఖాళీ మెషీన్ తెచ్చి, మీ కోడ్ దించి, మీరు చెప్పినవి మాత్రమే ఇన్‌స్టాల్ చేసి, టెస్టులు నడిపి, మెషీన్ పారేస్తుంది. ఎప్పుడో ఆర్నెల్ల కింద మీరు చేత్తో వేసుకుని మర్చిపోయిన లైబ్రరీ అక్కడ ఉండదు.

చెయ్యాల్సింది, రెపోలో డాట్ గిట్‌హబ్ ఫోల్డర్, దాని లోపల వర్క్‌ఫ్లోస్ ఫోల్డర్, అందులో ఒక యామల్ ఫైలు (సెట్టింగులు రాసే మామూలు టెక్స్ట్ ఫైలు). పుష్‌కీ, పుల్ రిక్వెస్ట్‌కీ (నా మార్పులు కలుపుకోండి అని పంపేది) నడవాలి అని రాస్తారు, తర్వాత మ్యాట్రిక్స్, అంటే ఓఎస్‌ల లిస్టు ఒకటీ పైథాన్ వెర్షన్ల లిస్టు ఒకటీ, అది రెండిటినీ గుణించి ప్రతి జతకీ ఒక జాబ్ నడుపుతుంది. తర్వాత స్టెప్పులు, కోడ్ చెకౌట్, పైథాన్ సెటప్, ఇన్‌స్టాల్, పైటెస్ట్ (టెస్టులు నడిపే టూల్). మొత్తం పాతిక లైన్లు దాటదు.

అందులో మూడుచోట్ల అందరూ పడతారు. వెర్షన్ నంబర్లకి కోట్స్ పెట్టండి, పెట్టకపోతే యామల్ 3.10ని దశాంశ సంఖ్య అనుకుని చివరి సున్నా తీసేసి 3.1 చేస్తుంది, 3.1 దొరకలేదు అని ఎర్రర్ వస్తే గంటలు గంటలు వెతుక్కుంటారు. ఫెయిల్-ఫాస్ట్ అనేది మామూలుగా ఆన్‌లో ఉంటుంది, ఒక్క జాబ్ పోతే మిగతావన్నీ ఆపేస్తుంది, దాన్ని ఫాల్స్ చెయ్యండి, విండోస్ ఒక్కటే పోయిందా మూడూ పోయాయా అన్నదే కదా మనకి కావాల్సిన క్లూ. మూడోది, మ్యాట్రిక్స్ పెంచుకుంటూ పోవద్దు, 3 ఓఎస్‌లు 5 వెర్షన్లు అంటే 15 జాబ్‌లు, లైనక్స్‌లో ఐదూ పెట్టి విండోస్, మ్యాక్‌లలో అన్నిటికన్నా పాతదీ కొత్తదీ మాత్రం పెడితే 9తో సరిపోతుంది, తగలాల్సినవి దాదాపు అన్నీ అందులోనే తగులుతాయి. మ్యాక్‌ఓఎస్-లేటెస్ట్ అని రాస్తే ఇప్పుడొచ్చేది యాపిల్ సొంత ఆర్మ్ చిప్ మెషీన్, 2024లో మార్చారు, పైథాన్ 3.7 లాంటి పాత వెర్షన్ దానికి దొరకదు, అది మీ కోడ్ తప్పు కాదు.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, టెస్టుల్ని సోర్స్ ఫోల్డర్ మీద నడపొద్దు, వీల్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా కట్టిన పైథాన్ ప్యాకేజీ) బిల్డ్ చేసి దాన్ని ఇన్‌స్టాల్ చేసి దాని మీద నడపండి. ఒక నిఘంటువు మాడ్యూల్‌కి నేను సాయం చేస్తున్నప్పుడు అన్ని ఓఎస్‌లలోనూ పాస్, రిలీజ్ చేశాక ఒక్కరి దగ్గరా నడవలేదు. చూస్తే పదాల ఫైలు ప్యాకేజీలోకి ఎక్కనే లేదు, టెస్టులు పక్కనున్న సోర్స్ ఫోల్డర్లోంచి ఆ ఫైలు చదువుకుంటున్నాయి. అప్పటినించీ సోర్స్‌ని ఎస్‌ఆర్‌సీ అనే ఫోల్డర్ లోపల పెట్టే పద్ధతే వాడుతున్నా, అలా ఉంటే పొరపాటున కూడా సోర్స్ దొరకదు.

యామల్‌లో కమాండ్లు ఎక్కువ రాయొద్దు, టెస్ట్ ఎలా నడపాలో నాక్స్, టాక్స్ అనే టెస్ట్ టూల్స్‌లో ఏదో ఒకదాంట్లో పెట్టి, యామల్ దాన్ని పిలవాలి అంతే. కారణం ఉంది, టెస్ట్ నడిపే సర్వీసులు మారిపోతుంటాయి. 1998 నుంచే పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ళకి సీప్యాన్ టెస్టర్స్ ఉంది, వాలంటీర్లు తమ తమ మెషీన్లలో అందరి మాడ్యూల్స్ టెస్ట్ చేసి రిపోర్టులు పంపేవాళ్ళు. 2011లో ట్రావిస్ సీఐ వచ్చి ఓపెన్ సోర్స్‌కి ఉచితం అంది, విండోస్ కోసం యాప్‌వేయర్ అనే ఇంకోదానికి ఇంకో ఫైలు రాసుకునేవాళ్ళం. 2019 నవంబర్లో గిట్‌హబ్ యాక్షన్స్ అందరికీ వచ్చింది, 2020 చివర్లో ట్రావిస్ ఉచిత పద్ధతి మార్చి క్రెడిట్లు అనేసరికి ప్రాజెక్టులు వరసబెట్టి తరలిపోయాయి. అప్పుడు కమాండ్లన్నీ యామల్‌లోనే రాసుకున్నవాళ్ళు వారాలు కూర్చున్నారు, పల్చటి ఫైలు ఉన్నవాళ్ళు ఒక సాయంత్రంలో మారిపోయారు. రేపు మీరు గిట్‌ల్యాబ్‌కి వెళ్ళాలన్నా ఇదే లెక్క.

ప్రశ్న: సీతమ్మధార నుంచి. మ్యాక్‌లో పాస్, విండోస్‌లో పాస్, లైనక్స్‌లో మాత్రం ఫైలు లేదంటోంది. ఫైలు కళ్ళముందే ఉంది.

జవాబు: పేరులో పెద్దక్షరం చిన్నక్షరం చూడండి, విండోస్, మ్యాక్ మామూలు సెట్టింగులో ఆ తేడా పట్టించుకోవు, లైనక్స్ పట్టించుకుంటుంది. పేరు మార్చేటప్పుడు గిట్‌లో ఒకసారి వేరే పేరుకి మార్చి మళ్ళీ అసలు పేరుకి మార్చండి, లేకపోతే మ్యాక్‌లో మార్పు ఎక్కదు. ఇదే కోవలో ఇంకోటి, వ్యాకరణం మాడ్యూల్స్ రాసేవాళ్ళు సహాయక క్రియల ఫైలుకి ఆక్స్ అని పేరు పెడుతుంటారు, విండోస్‌లో ఆక్స్, కాన్, పీఆర్‌ఎన్, నల్ అనేవి పాత డాస్ కాలం నుంచీ రిజర్వు చేసిన పేర్లు, ఎక్స్‌టెన్షన్ తగిలించినా సరే ఆ రెపో అక్కడ సరిగ్గా దిగదు. అలాగే విండోస్‌లో గిట్ లైను చివర్లు మార్చేస్తుంది కాబట్టి రావాల్సిన జవాబు ఫైలుతో పోల్చే టెస్టులు ఉంటే డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్‌లో ఎల్‌ఎఫ్ (లైనక్స్ తరహా లైను చివర) అని ఖాయం చేసుకోండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని, ఎంవీపీ కాలనీ. ఓపికగా నేర్చుకుని పంచాంగం మాడ్యూల్ రాస్తున్నాను. రాత్రి నిద్రపట్టక పన్నెండు దాటాక పుష్ చేస్తే సీఐలో టెస్ట్ ఫెయిల్, పొద్దున్న కాఫీ తాగి ఏమీ మార్చకుండా మళ్ళీ నడిపితే పాస్. ఇందులో తప్పు ఎక్కడుంది?

జవాబు: మాస్టారూ నమస్కారం, మీ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డాను. తప్పు గడియారంలో ఉందండి. సీఐ మెషీన్లు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి, మనకి ఐదున్నర గంటలు వెనక. మనకి రాత్రి పన్నెండు దాటితే కొత్త తేదీ, వాటికి తెల్లవారి ఐదున్నర దాకా ఇంకా నిన్నే. మీ టెస్ట్ ఈరోజు తేదీ అడుగుతోంది కాబట్టి ఆ ఐదున్నర గంటల్లో తిథి ఒకరోజు తేడా వస్తుంది, మీరు కాఫీ తాగే వేళకి రెండూ ఒకే తేదీలోకి వస్తాయి. టెస్టుల్లో ఈరోజు అనే మాటే ఉండకూడదండి, తేదీ, ఊరు, టైమ్ జోన్ మూడూ మీరే ఇవ్వాలి. ఊరు ఎందుకో మీకు నేను చెప్పేపని లేదు, రేఖాంశం తేడా వల్ల విశాఖలో సూర్యోదయం హైదరాబాదు కన్నా సుమారు ఇరవై నిమిషాలు ముందు, సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి కాబట్టి ఒక్కోరోజు అక్కడికీ ఇక్కడికీ తిథి మారిపోతుంది. అలాంటి రోజులు నాలుగైదు వెతికి టెస్టుల్లో పెట్టండి, మీ మాడ్యూల్ విలువ అక్కడే తెలుస్తుంది.

టైమ్ జోన్‌కి పైథాన్‌లోని జోన్‌ఇన్ఫో వాడి ఏషియా స్లాష్ కోల్‌కతా అని ఇవ్వండి. విండోస్‌లో ఆ పట్టికలు ఉండవు, టీజెడ్‌డేటా అనే ప్యాకేజీని మీ మాడ్యూల్ అవసరాల్లో రాయండి, లేకపోతే విండోస్ జాబ్ ఒక్కటే ఎర్రగా ఉంటుంది. సైన్లూ కొసైన్లూ చివరి అంకెల్లో ఓఎస్ మారితే, చిప్ మారితే కాస్త తేడా రావచ్చు, సరిసమానం అని పోల్చకుండా పైటెస్ట్‌లో అప్రాక్స్ వాడి ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పండి. లెక్కల మాస్టారు కదా, ఆ తేడా ఎంత ఉండాలో మీకన్నా బాగా ఇంకెవరు చెప్తారు.

ప్రశ్న: కంచరపాలెంలో కంప్యూటర్ రిపేర్ షాపు నాది మేడమ్. పాత మెషీన్లు ఐదారు ఖాళీగా ఉన్నాయి, మా కుర్రాళ్ళ పబ్లిక్ ప్రాజెక్టుకి వాటినే సొంత రన్నర్లుగా, అంటే సీఐ టెస్టులు నడిపే మెషీన్లుగా, తగిలిస్తే మంచిదే కదా?

జవాబు: మీ మనసు మంచిది గానీ పబ్లిక్ రెపోకి తగిలించొద్దండి. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పుల్ రిక్వెస్ట్ పంపితే వాడి కోడ్ మీ షాపు మెషీన్లో, మీ నెట్‌వర్క్ లోపల నడుస్తుంది, గిట్‌హబ్ వాళ్ళే వద్దని చెప్తారు. వాళ్ళ మెషీన్ అయితే ప్రతిసారీ పారేస్తారు, మీది అలాగే ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్ళో కరెంటూ నెట్టూ రోజుల తరబడి లేవు, గుర్తుందిగా, సొంత మెషీన్ల మీదే రిలీజులు ఆధారపడితే అలాంటప్పుడు అన్నీ ఆగిపోతాయి. కానీ మీ పాత మెషీన్లు వృథా కావు. సీఐ వాళ్ళు ఇచ్చే విండోస్ సర్వర్ ఎడిషన్, కొత్తది, శుభ్రమైనది. మీ దగ్గరున్నది విండోస్ 10, తక్కువ ర్యామ్, యాంటీవైరస్‌తో, అచ్చంగా మన జనం వాడేలాంటిది. రిలీజ్ ముందు కుర్రాళ్ళని ఒక సాయంత్రం పిలిచి చేత్తో ఇన్‌స్టాల్ చేయించి చూడండి. తెరిచి ఉన్న ఫైలుని డిలీట్ చెయ్యబోతే విండోస్ ఒప్పుకోదు, యాంటీవైరస్ ఆ క్షణంలో ఫైలు పట్టుకుని ఉంటే వచ్చే ఎర్రర్లు ఇలాంటి మెషీన్లలోనే దొరుకుతాయి.

ప్రశ్న: తెలియనివాళ్ళ పుల్ రిక్వెస్టులు వస్తుంటే మా పైపీఐ టోకెన్ (ప్యాకేజీ అప్‌లోడ్ చెయ్యడానికి వాడే రహస్య కీ) దొంగిలిస్తారేమో అని భయంగా ఉంది. జగదాంబ దగ్గర ఉంటాం, నేనూ మా అన్నయ్యా.

జవాబు: మామూలు పుల్ రిక్వెస్ట్ ఈవెంట్‌లో ఫోర్క్ (వేరేవాళ్ళు తీసుకున్న మీ రెపో కాపీ) నుంచి వచ్చిన కోడ్‌కి టోకెన్ లాంటి మీ సీక్రెట్స్ అందవు, భయం లేదు. పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అని ఇంకోటి ఉంది, దానికి అందుతాయి, పక్కాగా తెలిస్తే తప్ప దాని జోలికి వెళ్ళొద్దు. అసలు టోకెన్ పెట్టుకోవడమే మానెయ్యండి, 2023 నుంచి పైపీఐలో ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది, ఫలానా రెపోలో ఫలానా వర్క్‌ఫ్లో అని నమోదు చేస్తే చాలు. వర్క్‌ఫ్లోకి గిట్‌హబ్ తనే ఇచ్చే టోకెన్ ఇంకోటి ఉంటుంది, దాని పర్మిషన్ రీడ్ మాత్రమే ఉంచండి. బయటివాళ్ళ యాక్షన్లని (వర్క్‌ఫ్లోలో వాడుకునే రెడీమేడ్ స్టెప్పులు) వెర్షన్ ట్యాగ్‌తో కాకుండా కమిట్ హ్యాష్‌తో (ఆ ఒక్క కోడ్‌కే చెందే గుర్తింపు సంఖ్య) రాయండి, 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ళ ఛేంజ్డ్-ఫైల్స్ యాక్షన్‌లో ఎవరో చొరబడి ట్యాగులన్నిటినీ చెడ్డ కోడ్ వైపు తిప్పేశారు, హ్యాష్ రాసుకున్నవాళ్ళకి పాత కోడే నడిచింది.

ప్రశ్న: నాకు ప్రోగ్రామింగ్ రాదండి, డాబాగార్డెన్స్‌లో ఇరవై ఏళ్ళుగా డీటీపీ. ఈ కుర్రాళ్ళు చేసేవి వాడుతుంటాను, ఆగిపోతే ఎవరికి చెప్పాలో ఎలా చెప్పాలో తెలీదు. నావల్ల ఏమైనా ఉపయోగం ఉందా?

జవాబు: ఉందండీ, మీలాంటివాళ్ళు చెప్పకపోతే మాకు తెలిసేదారి లేదు. సీఐలో ఎన్ని మెషీన్లు పెట్టినా మీ దగ్గరున్న ఫైళ్ళు వాటి దగ్గర ఉండవు. ప్రాజెక్టు పేజీలో ఇష్యూస్ అని ఉంటుంది, అందులో తెలుగులోనే రాయండి, విండోస్ ఎన్నో వెర్షన్, మాడ్యూల్ ఎన్నో వెర్షన్, ఏం చేస్తుంటే ఆగింది, ఎర్రర్ మొత్తం కాపీ చేసి పెట్టండి, ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి పంపితే సగం కనపడదు. అను ఫాంట్స్‌లో టైపు చేసిన మేటర్ అయితే ఆ మాట తప్పకుండా చెప్పండి, అది యూనికోడ్ కాదు, తెరమీద తెలుగులా కనిపించినా లోపల వేరే అక్షరాలు, కుర్రాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలీదు. ఆగిపోయిన ఫైలుని మాత్రం తెరిచి కాపీ-పేస్ట్ చేసి వాట్సాప్‌లో పంపొద్దు, పేస్ట్ చేస్తే లోపలి బైట్లు మారిపోతాయి, తప్పు కూడా అక్కడే పోతుంది. ఫైలుని ఉన్నదున్నట్టు జిప్ చేసి పంపండి, అందులో ఎవరి పేర్లో ఆధార్ నంబర్లో ఉంటే, ఆ ఫైలు వద్దు, అలాగే ఆగిపోయే ఇంకో ఫైలు చూడండి.